కార్మికుల పక్షమున మాటాడువారెవరు?

1918వ సంవత్సరమున చెన్నపట్టణములోని పెరంబూరు ప్రాంతమున బకింగ్‌హాం, కర్నాటిక్ అను రెండు బట్టల మిల్లులు వేలాదిమంది కార్మికులతో నడుచుచుండెను. ఆ కార్మికుల కష్టములు పెక్కు. తెల్లవారకమునుపే ఇల్లు విడువవలెను; కూలి చాలదు; మేస్త్రీల తిట్లు, ఒకొక్కప్పుడు దెబ్బలు తప్పవు. వీనియన్నిటిలో మిక్కిలి చిన్నదిగా కనబడు కష్టమొకటి వారిని ప్రతిదినము బాధించుచుండెను. మధ్యాహ్నమున అన్నము తినుటకు వారికిచ్చిన విరామము అరగంట. ఆ అరగంటలోనే యంత్రమును విడిచి, చేతులు కడుగుకొని, గుంపులోనుండి బయటపడి, కూర్చుండుటకు నీడ వెదకికొని, తెచ్చుకొన్న సద్దిమూట విప్పి తిని, మరల ద్వారము మూయకమునుపే లోపలికి పోవలెను. ఆలస్యమైనవానికి జరిమానా.

అరగంట చాలదను మాట న్యాయమైనదే. కాని ఆ మాటను యజమానికి చెప్పువాడెవడు? ఒక్కడు పోయి చెప్పినచో వాని యుద్యోగము పోవును. వేయిమంది ఒక్కమారుగా చెప్పినచో దానికి అల్లరియని పేరు వచ్చును. అందరి పక్షమున, అందరి యనుమతితో, భయము లేక ఒకరు చెప్పవలెను. ఆ చెప్పినదానిని రెండవపక్షము కూర్చుండి వినవలెను. విన్నమీదట ఒప్పుదల కుదరనిచో ఏమి చేయవలెనో ముందుగనే ఒక మార్గముండవలెను. పారిశ్రామిక సంబంధములని పెద్ద పేరుతో మనము పిలుచు శాస్త్రమంతయు ఈ మూడు మాటల విస్తరణమే. నూరు సంవత్సరములకు పైబడి మన దేశమున జరిగిన చట్టములు, సంస్కరణలు, సమ్మెలు, తీర్పులు అన్నియు ఈ మూడింటి చుట్టును తిరిగినవి. వాని కథ విద్యార్థులు తెలిసికొనదగినది, ఉపాధ్యాయులు చెప్పదగినది.

పెరంబూరు

పెరంబూరులోని కార్మికుల గోడును మొదట విన్నవారు ఇద్దరు చిన్న వ్యాపారులు: సెల్వపతి చెట్టిగారు, రామానుజులు నాయుడుగారు. వారు పోయి అనిబిసెంటమ్మ సహచరుడు, దివ్యజ్ఞాన సమాజీయుడు నగు బి. పి. వాడియాను ఆశ్రయించిరి. వాడియా పార్సీ. మిల్లులో ఏనాడును పనిచేసినవాడు కాడు. అయినను వచ్చి, చూచి, విని, కార్మికుల యెదుట మాటాడెను. 1918 ఏప్రిలు 27వ తేదీన మద్రాసు లేబరు యూనియను ఏర్పడెను. క్రమమైన సభ్యత్వముతో, చందాలతో మన దేశమున నెలకొన్న తొలి ఆధునిక కార్మిక సంఘముగా చరిత్రకారులు దీనిని పేర్కొందురు.

సంఘమేర్పడిన రెండు సంవత్సరములకే దాని నెత్తిపై పిడుగు పడెను. 1920లో మిల్లులలో వివాదము చెలరేగగా, మిల్లుల నిర్వాహకులైన బిన్నీ కంపెనీవారు హైకోర్టున దావా వేసిరి. కార్మికులు కంపెనీతో చేసికొన్న పని ఒడంబడికను భంగపరచునట్లు నాయకులు వారిని ప్రేరేపించుచున్నారనియు, అందువలన తమకు కలిగిన నష్టమునకు పరిహార మిప్పింపవలెననియు వారి ప్రార్థన. న్యాయస్థానము వాడియాపై తాత్కాలిక నిషేధాజ్ఞ విధించెను. తుదకు 1921 ఆరంభమున వాడియా సంఘముతో సంబంధము వదలుకొనవలె నను షరతుపై రాజీ కుదిరెను.

ఇందలి అంతరార్థము గమనింపదగినది. ఆనాటి ఆంగ్లేయ శాసనము దృష్టిలో నలుగురు కూడి "మాకు ఈ కూలి చాలదు, పని మానెదము" అనుట కుట్రగా పరిగణింపబడుట కవకాశముండెను. వారికి సలహా చెప్పినవాడు కంపెనీ నష్టమునకు బాధ్యుడగుచుండెను. కార్మికునికి నోరున్నది గాని, ఆ నోటికి చట్టపు రక్షణ లేదు. ఈ యన్యాయమును గుర్తించి ఎన్. ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభ యందు కార్మిక సంఘముల రక్షణకు చట్టము కావలెనని తీర్మానము ప్రవేశపెట్టెను. ఐదేండ్ల తరువాత 1926లో కార్మిక సంఘముల చట్టము వచ్చెను. ఏడుగురు కూడి దరఖాస్తు పెట్టినచో సంఘమును రిజిస్టరు చేయవచ్చును. రిజిస్టరైన సంఘపు నాయకులపై కుట్ర నేరమును గాని, ఒడంబడిక భంగమునకు ప్రేరేపించిరను దావాను గాని, సంఘపు న్యాయమైన కార్యములకు సంబంధించినంతవరకు, మోపరాదు. వాడియాకు లేని రక్షణ ఆయన తరువాతి వారికి కలిగెను.

అహమ్మదాబాదు

అదే 1918వ సంవత్సరమున, పెరంబూరు సంఘము పుట్టుటకు కొంచెము ముందు, అహమ్మదాబాదున మరియొక ప్రయోగము జరిగెను. ప్లేగు దినములలో మిల్లు కార్మికుల కిచ్చిన ప్రత్యేకపు బోనసును యజమానులు ఆపివేయగా వివాదము పుట్టెను. కార్మికులు నూటికి 50 వంతులు హెచ్చింపవలెననిరి. యజమానులు 20కి మించమనిరి. గాంధీమహాత్ముడు లెక్కలు చూచి 35 న్యాయమని తేల్చి, కార్మికులను దానికి ఒప్పించి, వారి పోరాటమునకు నాయకత్వము వహించెను. యజమానుల పక్షమున ముఖ్యుడు అంబాలాల్ సారాభాయి. కార్మికుల పక్షమున నిలిచినది ఆయన సహోదరి అనసూయాబెన్. ఒకే యింటి అక్కాతమ్ములు రెండు పక్షముల నుండియు ఒకరియందొకరు ప్రేమ చెడకుండుట ఆ పోరాటపు విశేషము. కార్మికుల పట్టు సడలుచుండగా గాంధీజీ ఉపవాసము పూనెను. మూడు దినములలో రాజీ కుదిరి, మధ్యవర్తియైన ఆనందశంకర ధ్రువ యెదుటికి సమస్య పోయెను. ఆయన 35 వంతులే న్యాయమని నిర్ణయించెను. 1920లో అక్కడ మజూర్ మహాజన సంఘము స్థాపితమయ్యెను.

పెరంబూరులో న్యాయస్థానపు నిషేధాజ్ఞ, అహమ్మదాబాదులో ఉభయులు కోరుకొన్న మధ్యవర్తి. రెండవ మార్గమే మేలని ఎవరైనను చెప్పుదురు. కాని ప్రతి మిల్లునకు ఒక గాంధీజీ దొరకడు; ప్రతి యజమానికి అనసూయ వంటి అక్క యుండదు. మహానుభావులు లేనిచోట గూడ పని జరుగునట్లు ఏర్పాటు చేయుటయే వ్యవస్థయొక్క ప్రయోజనము. అటువంటి వ్యవస్థను నిర్మింపవలెనని జీవితకాలము శ్రమించినవారిలో ఒక తెలుగువాడు అగ్రగణ్యుడు.

గిరిగారి పట్టుదల

వరాహగిరి వేంకటగిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. న్యాయశాస్త్రము చదువుటకై 1913లో ఐర్లండులోని డబ్లిను నగరమునకు పోయిరి. వారు చేరిన యేటనే ఆ నగరమున కార్మికులను పనులనుండి వెడలగొట్టిన గొప్ప లాకౌటు జరిగెను. సంఘమున చేరమని వ్రాసి యిచ్చిననే పని యిత్తుమని యజమానులు పట్టుపట్టిరి. నెలలకొలది ఆ నగరమున పేదల పొయ్యిలలో పిల్లులు పండుకొనెను. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమము, కార్మికోద్యమము పెనవేసికొనిన ఆ వాతావరణమున ఆ యువకుని మనస్సు రూపు దిద్దుకొన్నది. 1916లో స్వదేశమునకు మరలివచ్చి, కొంతకాలమునకే బెంగాల్ నాగపూరు రైల్వే కార్మికుల సంఘ నిర్మాణమున మునిగిపోయిరి. ఖర్గపూరు రైల్వే కర్మాగారమున పనిచేయువారిలో తెలుగువారు పెక్కుమంది. నేటికిని ఆ పట్టణమున తెలుగు మాట వినబడుచునే యుండును. 1927లో అక్కడి ఉద్యోగుల తొలగింపునకు ప్రతిగా జరిగిన పోరాటమునకు గిరిగారు నాయకులు. అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్యకు వారు నిర్మాతలలో నొకరు. 1937లో చెన్నరాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలు నిర్వహించిరి. స్వాతంత్ర్యానంతరము 1952లో కేంద్ర కార్మికమంత్రి యైరి.

ఆయన మంత్రియగునాటికి దేశమున నడుచుచున్నది 1947వ సంవత్సరపు పారిశ్రామిక వివాదముల చట్టము. దాని పుట్టుక యుద్ధకాలమున నున్నది. రెండవ ప్రపంచయుద్ధ సమయమున ఉత్పత్తి ఆగరాదని భారతరక్షణ నిబంధనలలో 81-ఏ అను నిబంధనను చేర్చి, సమ్మెలను నిషేధించి, వివాదములను నిర్బంధముగా న్యాయనిర్ణేతలకు పంపు అధికారమును ప్రభుత్వము తీసికొనెను. యుద్ధము ముగిసెను గాని ఆ యధికారము ముగియలేదు. 1947 చట్టమున శాశ్వతరూపము దాల్చెను. ఆ చట్టము ప్రకారము వివాదము వచ్చినపుడు ప్రభుత్వము తనకు తోచినచో దానిని ట్రిబ్యునలునకు నివేదించును; తోచనిచో నివేదింపదు. నివేదించిన పిమ్మట సమ్మెను నిషేధించుటకును అధికారము కలదు.

దీని ఫలిత మేమనగా, కార్మికుడు యజమాని ముఖమును చూచుటకు మారుగా మంత్రి ముఖమును చూచుట అలవరచుకొనెను. యజమానియు అంతే. ఎదురెదుట కూర్చుండి లెక్కలు విప్పి బేరమాడుటకు ఉభయులకును అవసరము లేకపోయెను. వకీళ్ళు వచ్చిరి, వాయిదాలు వచ్చినవి, అప్పీళ్ళు వచ్చినవి. ప్రభుత్వపు తలుపు తట్టుటకు రాజకీయపక్షపు అండ కావలసివచ్చెను గనుక సంఘములు పక్షములవారీగా చీలిపోయినవి. 1920లో పుట్టిన ఏ.ఐ.టి.యు.సి. ఒక్కటి యుండినచోట 1947లో ఐ.ఎన్.టి.యు.సి., 1948లో హింద్ మజ్దూర్ సభ, 1955లో భారతీయ మజ్దూర్ సంఘము, 1970లో సి.ఐ.టి.యు. వెలసినవి. ఏడుగురితో సంఘము పెట్టవచ్చునను సౌకర్యము ఒకే కర్మాగారమున పది సంఘములకు దారితీసెను.

గిరిగారు ఈ పద్ధతిని తీవ్రముగా వ్యతిరేకించిరి. నిర్బంధ న్యాయనిర్ణయము కార్మికునకు ప్రథమశత్రువని వారి దృఢాభిప్రాయము. ఊతకర్ర పట్టుకొని నడచుట నేర్చిన బిడ్డ కాళ్ళు బలపడవు. అట్లే ప్రభుత్వపు తీర్పులపై ఆధారపడిన సంఘము బలపడదు. సంఘములు స్వశక్తిపై నిలిచి, యజమానులతో సమష్టిగా బేరమాడి, కుదరనిచో స్వచ్ఛందముగా మధ్యవర్తిని కోరుకొనవలెనని వారి వాదము. ఆ సిద్ధాంతమునకు గిరిమార్గమని పేరే యేర్పడెను. కాని యజమానులకు, తోటి మంత్రులకు, చాలమంది కార్మికనాయకులకు గూడ అది రుచింపలేదు. బలహీనమైన సంఘములు ట్రిబ్యునలు లేనిచో తాము నలిగిపోవుదుమని భయపడినవి. ఆ భయము నిర్హేతుకమని త్రోసివేయుటకు వీలులేదు. పదిమంది పనిచేయు రైసుమిల్లులో, జీడిపప్పు కర్మాగారములో ఉభయులు సమబలులై బేరమాడుట సాధ్యమా?

1954లో గిరిగారి నిష్ఠకు పరీక్ష వచ్చెను. బ్యాంకు ఉద్యోగుల వేతనముల విషయమున కార్మిక అప్పీళ్ళ ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించెను. గిరిగారు మంత్రిపదవికి రాజీనామా యిచ్చిరి. నిర్బంధ తీర్పులను వ్యతిరేకించినవారే తీర్పు చెల్లలేదని పదవి విడుచుట విడ్డూరముగా తోచవచ్చును. ఆలోచించిన విడ్డూరము లేదు. ఉభయులను బలవంతముగా న్యాయపీఠము కడకు నడిపించినది ప్రభుత్వమే; తీర్పు తనకు నచ్చనపుడు దానిని మార్చినదియు ప్రభుత్వమే. ఇక ఆ పీఠముపై ఎవరికి విశ్వాసముండును? సమ్మె హక్కును విడిచి తీర్పును నమ్మినవాడు రెండింటను చెడిపోవును. పదవికన్న మాట గొప్పదని తలచిన ఆ రాజీనామా మన పార్లమెంటు చరిత్రలో మరపురానిది.

కాలము విచిత్రమైనది. 1969లో గిరిగారు రాష్ట్రపతి యైరి. వారు ఆ పీఠముపై నుండగనే 1974 మే 8వ తేదీన దేశమంతట రైల్వే సమ్మె మొదలయ్యెను. లక్షలాది ఉద్యోగులు పాల్గొన్న ఆ సమ్మెకు నాయకుడు, తాము నిర్మించిన సమాఖ్యకే నాటి యధ్యక్షుడగు జార్జి ఫెర్నాండెజు. ప్రభుత్వము వేలాదిమందిని నిర్బంధించెను. అనేకులు ఉద్యోగములు కోల్పోయిరి. మే 27న సమ్మె విరమింపబడెను. యౌవనమున ఖర్గపూరులో రైల్వే కార్మికుల నడుమ నిలిచిన వ్యక్తి, వార్ధక్యమున రాష్ట్రపతి భవనమున ఆ వార్తలు వినుచుండవలసివచ్చెను. సిద్ధాంతము ఒక్కరి సత్యసంధతపై నిలువదు. దానిని నిలుపు చట్టముండవలెను.

గుర్తింపు

1926 చట్టము సంఘమునకు రిజిస్ట్రేషను నిచ్చెను, గుర్తింపు నీయలేదు. ఈ రెంటికిని గల భేదమును విద్యార్థులు బాగుగ గ్రహింపవలెను. రిజిస్ట్రేషనున్న సంఘము పుట్టినట్లు ప్రభుత్వము ఒప్పుకొన్నది. గుర్తింపున్న సంఘముతో మాటాడుటకు యజమాని ఒప్పుకొన్నాడు. మొదటిది ఉండి రెండవది లేనిచో సంఘము పుట్టియు మాట రాని బిడ్డవలె నుండును. గుర్తింపును నిర్బంధము చేయుచు 1947లోనే ఒక సవరణ చట్టమును శాసనసభ ఆమోదించినది. ఆశ్చర్యమేమనగా, ఆ సవరణ ఏనాడును అమలులోనికి రాలేదు. పుస్తకమున నున్నది, లోకమున లేదు.

1958లో నైనితాలున సమావేశమైన భారత కార్మిక మహాసభ ఒక క్రమశిక్షణ నియమావళిని ఆమోదించెను. ఇది చట్టము కాదు, ఉభయులు తమంతట తాము ఒప్పుకొన్న కట్టుబాటు. ఒక కర్మాగారమున నూటికి 15 మంది సభ్యులున్న సంఘము గుర్తింపు కోరవచ్చునని, పెక్కు సంఘములున్నపుడు పెద్దదానికే గుర్తింపని అందు నిర్ణయించిరి. పెద్దదేదో తేల్చు విధమెట్లు? సభ్యత్వపు పుస్తకములు చూచి లెక్కింపవలెనా, కార్మికుల రహస్య ఓట్లు తీసికొనవలెనా? ఈ ప్రశ్నపై సంఘములలో సంఘములకే సయోధ్య కుదరలేదు. 1966లో న్యాయమూర్తి గజేంద్రగడ్కరు అధ్యక్షతన నియమింపబడిన జాతీయ కార్మిక కమిషను 1969లో నివేదిక సమర్పించుచు, గుర్తింపు చట్టప్రకారము నిర్బంధము కావలెననియు, ప్రభుత్వముతో సంబంధము లేని స్వతంత్ర పారిశ్రామిక సంబంధముల కమిషనులు ఏర్పడవలెననియు సూచించెను. ఆ సూచనలు దశాబ్దములు గడచినను చట్టము కాలేదు.

ప్రతినిధి యెవరో తేల్చకుండుట వలన కలుగు అనర్థమును బొంబాయి నగరము చవిచూచెను. అక్కడ 1946వ సంవత్సరపు బొంబాయి పారిశ్రామిక సంబంధముల చట్టము ప్రకారము బట్టల మిల్లులలో రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘమునకు ప్రతినిధి హోదా కలదు. ఒకమారు వచ్చిన హోదా సభ్యత్వపు లెక్కలపై నిలిచియుండెనే గాని, కార్మికుల ఓటుపై కాదు. కాలక్రమమున అసంతృప్తి చెందిన కార్మికులు దత్తా సామంత్ అను వైద్యుని తమ నాయకునిగా నెన్నుకొనిరి. 1982 జనవరి 18న సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగిరి. చట్టము గుర్తించిన సంఘమువెంట కార్మికులు లేరు; కార్మికులు వెంటనున్న నాయకుని చట్టము గుర్తింపదు. యజమానులు సామంతుతో మాటాడమనిరి. ప్రభుత్వము చట్టమును చూపెను. సామంతును వెనుకకు తగ్గుటకు దారి వెదకలేదు. నెలలు సంవత్సరము దాటినవి. ఆ సమ్మె ముగిసినదని ప్రకటించిన దినము లేదు. అంతకుముందే పాతబడి లాభము తగ్గిన మిల్లులు పెక్కు మరల తెరువబడలేదు.

ఆ మిల్లులలో తెలంగాణము నుండి వలసపోయిన పద్మశాలీలు తరములుగా పనిచేసియుండిరి. కరువునకు ఊరు విడిచి, మగ్గము విడిచి, బొంబాయి మిల్లు నమ్ముకొన్న కుటుంబములవి. మిల్లు మూతపడిననాడు వారికి వెనుక ఊరిలో మగ్గమును లేదు, ముందు నగరమున పనియు లేదు. చట్టములోని ఒక చిన్న లోపము, అనగా ఎవరు ప్రతినిధియో ఓటు ద్వారా తెలిసికొనకుండుట, ఇట్లు ఇండ్లలోని పొయ్యివరకు వచ్చును.

సింగరేణి బ్యాలెట్ పెట్టె

బొంబాయి పాఠమునకు సమాధానమును మన తెలుగునేలనే బొగ్గుగనులలో చూడవచ్చును. గోదావరీతీరమున కొత్తగూడెము, మందమర్రి, గోదావరిఖని మున్నగు ప్రాంతములలో విస్తరించిన సింగరేణి గనులలో ఒకప్పుడు సంఘముల సంఖ్య లెక్కింపనలవికాక యుండెను. ఒక సంఘము ఒప్పుకొన్నదానిని మరియొకటి తిరస్కరించును. ఒక గనిలో ఆరంభమైన చిన్న తగవు మరునాడు పది గనులను ఆపును. పెరంబూరులో మాటాడువాడు లేక బాధ; ఇక్కడ మాటాడువారు ఎక్కువై బాధ. 1998లో కేంద్ర కార్మికశాఖ పర్యవేక్షణమున రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘపు ఎన్నిక జరిపిరి. నేలక్రింద వందలాది అడుగుల లోతున పనిచేయు కార్మికుడు పైకి వచ్చి, వరుసలో నిలిచి, తన ప్రతినిధి యెవరో చీటీపై ముద్రవేసి చెప్పెను.

నాటినుండి 2023 డిసెంబరు 27 వరకు ఇట్టి ఎన్నికలు ఏడుమార్లు జరిగినవి. గెలుపు ఒకే సంఘమునకు కట్టుబడియుండలేదు. 1998లో ఏ.ఐ.టి.యు.సి. అనుబంధ సంఘము గెలిచెను. తెలంగాణ ఉద్యమకాలమున 2012లో, మరల 2017లో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘము గెలిచెను. 2023లో ఏ.ఐ.టి.యు.సి. సంఘమే సుమారు రెండువేల ఓట్ల ఆధిక్యముతో తిరిగి వచ్చెను. ఓడిన సంఘము మూతపడలేదు; గెలిచిన సంఘము శాశ్వతము కాలేదు. నాయకుడు కార్మికునికి జవాబు చెప్పుకొనవలసిన దినము వచ్చునని తెలిసినచో సంతకము పెట్టునపుడు వాని చేయి జాగ్రత్తపడును.

ఈ పద్ధతియు నిర్దుష్టము కాదు. 2017 తరువాతి యెన్నిక ఆరేండ్లకుగాని జరుగలేదు. అసెంబ్లీ ఎన్నికల ప్రచారమునకును గనులలోని ప్రచారమునకును భేదము చెరిగిపోవుచున్నది. అన్నిటికన్న ముఖ్యమైన లోపము వేరొకటి: గనులలో నానాటికి పెరుగుచున్న కాంట్రాక్టు కార్మికులు ఆ ఓటర్ల జాబితాలో లేరు. పక్కపక్కన నిలిచి ఒకే దుమ్ము పీల్చువారిలో ఒకనికి ఓటున్నది, ఒకనికి లేదు.

క్రొత్త స్మృతి

ఇన్ని యేండ్ల చర్చల పిదప 1926, 1946, 1947 సంవత్సరముల మూడు పాతచట్టములను కలిపి, 2020లో పార్లమెంటు పారిశ్రామిక సంబంధముల స్మృతిని ఆమోదించెను. అది 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చెను. పెరంబూరు ప్రశ్నలకు ఇది చెప్పిన సమాధానములను పరిశీలింతము.

ఎవరు మాటాడవలెనను ప్రశ్నకు స్మృతి తొలిసారిగా దేశమంతటికి ఒక చట్టబద్ధమైన జవాబు చెప్పినది. ఒక సంస్థలో నూటికి 51 మంది కార్మికుల మద్దతున్న సంఘము ఏకైక చర్చాసంఘమగును. అంత మద్దతు ఏ సంఘమునకును లేనిచో, కనీసము 20 వంతుల మద్దతున్న సంఘముల ప్రతినిధులతో ఒక చర్చామండలి ఏర్పడును. ఎనిమిది దశాబ్దముల క్రిందట కాగితముపై ఆగిపోయిన గుర్తింపు ఇప్పటికి నేలపైకి దిగినది. ఇది మేలు. అయితే 20 వంతులకు లోబడిన చిన్న సంఘము, ఒకే వృత్తివారి సంఘము, మాట కోల్పోవు ప్రమాదము గలదని విమర్శకులనుచున్నారు.

ఒప్పుదల కుదరనిచో మార్గమేది యను ప్రశ్నకు గూడ ఒక మార్పు జరిగినది. రాజీ ప్రయత్నము విఫలమైన పిమ్మట ఉభయులలో ఎవరైనను తిన్నగా ట్రిబ్యునలునకు పోవచ్చును. మంత్రిత్వశాఖ దయతలచి నివేదించుటకై వేచియుండ నక్కరలేదు. గిరిగారు నిరసించిన ప్రభుత్వపు పెత్తనములో నిది కొంత తగ్గింపే. కాని ఆయన కోరిన సమష్టి బేరమునకు ఆధారమైనది సమ్మె హక్కు. పూర్వము నీరు, విద్యుత్తు వంటి ప్రజోపయోగ సేవలకే పరిమితమైన ముందస్తు నోటీసు నియమమును స్మృతి ఎల్ల సంస్థలకును విస్తరింపజేసినది. 14 దినముల నోటీసు తప్పనిసరి. సగముమంది గాని అంతకు పైగా గాని ఒకేదినమున మూకుమ్మడిగా సెలవు పెట్టినను అది సమ్మెయే. రాజీ చర్చలు సాగుచుండగా సమ్మె నిషిద్ధము. నోటీసు అందగనే రాజీ అధికారి చర్చలు ఆరంభించినచో న్యాయబద్ధమైన సమ్మెకు సందు ఎక్కడ నుండునని కార్మిక సంఘములు అడుగుచున్నవి. తొందరపాటు సమ్మెలవలన ఉత్పత్తి నష్టము, కార్మికునకే కూలినష్టము గనుక ఆలోచించుకొనుటకు గడువుండుట మంచిదే యని ప్రభుత్వపు వాదము. రెండు వాదములలోను సత్యము కలదు. గడువు ఆలోచనకు ఉపయోగించినచో మేలు. కాలయాపనమునకు ఉపయోగించినచో కీడు.

ప్రభుత్వపు అనుమతి లేక కార్మికులను తొలగించుటకును, సంస్థను మూయుటకును గల హద్దు విషయము మరియొకటి. 1976లో 300 మంది కార్మికులున్న సంస్థలకు పెట్టిన ఈ నియమమును తరువాత 100 మందికి దించిరి. స్మృతి దానిని మరల 300కు పెంచినది. చిన్న సంస్థలు భయము లేక పెరుగునని కొందరు, కార్మికునకు గల రక్షణ పోవునని కొందరు. ఏది నిజమో అమలే తేల్చవలెను.

తరగతిగదికి ఒక మాట

ఈ చర్చ మిల్లులకు, గనులకు సంబంధించినది గదా, బడిపంతులుకు దీనితో నేమి పని యని యెవరైనను అనవచ్చును. 1988లో సర్వోన్నత న్యాయస్థానము ఉపాధ్యాయుడు పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము కార్మికుడు కాడని తీర్పు చెప్పెను. విద్య నేర్పువృత్తి గౌరవమైనది, కూలిపని వంటిది కాదని దాని భావము. గౌరవము మంచిదే. కాని ప్రైవేటు పాఠశాలలో తక్కువ జీతమునకు పనిచేసి, అకస్మాత్తుగా తొలగింపబడిన పంతులమ్మకు ఆ గౌరవము ట్రిబ్యునలు తలుపు తెరువలేదు. ఆమె పక్షమున మాటాడువారెవరు?

విద్యార్థులకు ఈ విషయము బోధింపదలచిన ఉపాధ్యాయులు ఒక గంటసేపు ఇట్లు చేసి చూడవచ్చును. తరగతిని రెండు పక్షములుగా విడదీసి, ఒకరిని యజమానులుగా, ఒకరిని కార్మికులుగా కూర్చుండబెట్టి, భోజన విరామము అరగంట చాలునా అను సమస్యను వారికియ్యవలెను. మొదట అందరు ఒక్కమారుగా అరతురు. కొంతసేపటికి తమ పక్షమున మాటాడుటకు ఒకరిని ఎన్నుకొనవలెనని తామే తెలిసికొందురు. ఎన్నుకొన్నవాడు తమను అడుగక ఒప్పుకొనినచో కోపగింతురు. ఎదుటివాని లెక్క వినినపుడు, యంత్రము ఆగిన నిమిషమునకు గూడ ఖర్చున్నదని గ్రహింతురు. తుదకు అరగంటకును గంటకును నడుమ ఒకచోట ఆగుదురు. తీర్పు చెప్పుమని పంతులును అడుగక తామే ఆగినచో, గిరిగారు జీవితాంతము బోధించిన పాఠమును ఆ బిడ్డలు ఒక్క గంటలో నేర్చినవారగుదురు.

చట్టములు మారినవి; ఇంకను మారును. 51 అను సంఖ్య, 14 దినములను గడువు, 300 అను హద్దు రేపు వేరు సంఖ్యలు కావచ్చును. కాని సద్దిమూట విప్పుకొని నీడ వెదకికొను మనిషి అట్లే యుండును. నేడు అతడు మిల్లు గుమాస్తా కావచ్చును, కాంట్రాక్టు బొగ్గుకార్మికుడు కావచ్చును, ద్విచక్రవాహనముపై ఇంటింటికి అన్నపు పొట్లములు చేరవేయుచు తాను తినుటకు తీరిక లేని యువకుడును కావచ్చును. వాని మాట భయము లేక బయటికి వచ్చుటకును, వచ్చిన మాటను ఎదుటివారు విని జవాబు చెప్పుటకును తోడ్పడినదే మంచి చట్టము. ఏ సంస్కరణనైనను ఈ యొరగంటిపై గీచి చూచి, విలువ కట్టవలెను.